కొలత లేని మందు

దామరచర్లలో మా నాయిన పత్తికి మందు కొట్టేముందు డబ్బా మీది కొలత నాతో రెండుసార్లు చదివిస్తాడు. అదే ఇంట్లో నాయనమ్మ మోకాళ్ల నొప్పికని ఎవరో ఇచ్చిన లేహ్యం ఉండ మింగింది. గంటైనా తగ్గలేదని ఇంకొకటి వేసుకుంది. రాత్రి లేవబోయి పడింది; తెల్లారేదాకా మమ్మల్ని గుర్తుపట్టలేదు. అందులో గంజాయి ఆకు ఉందట!

మిత్రులారా, గంజాయి పేరెత్తితే ముక్కు మూసుకునేవాళ్లతోనూ, సర్వరోగ నివారిణి అనేవాళ్లతోనూ నాకు పేచీయే. ఆయుర్వేదంలో అది విజయ. వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలని అటువంటి మందు సీసాపై హెచ్చరిక ఉండాలన్నది 1945 ఔషధ నియమాల మాట. అమెరికా 2018లో దాని నుండి తీసిన కానబిడయాల్‌ను కొన్ని తీవ్రమైన మూర్ఛలకు అనుమతించింది, అదీ రోగి బరువును బట్టి మిల్లీగ్రాముల లెక్కన.

పొగ నిమిషాల్లో ఎక్కుతుంది. తిన్నది కాలేయం గుండా పోయి, గంట రెండు గంటలకు గానీ పనిచెయ్యదు. ఎక్కినంక గంటలకొద్దీ దిగదు. డాక్టరు రాసినా మొదలు అతి తక్కువ. ఆ పూట రెండోది వద్దు. కల్లు, నిద్రమాత్రలతో కలపొద్దు. రక్తం పలచబరిచే గోలీలు వాడేవాళ్లు ముందే చెప్పాలి. గర్భిణులకు, మతిభ్రమ వచ్చినవాళ్లకు అసలే వద్దు.

నాయనమ్మ పోలీసుల భయంతో డాక్టరుకు లేహ్యం సంగతి చెప్పలేదు. ఆయనా అడగలేదు. అడగడం ఆయన పని కాదా?