ఫోన్ చేస్తమన్నరు.. చెయ్యలే

పోయిన ఎండాకాలం హైదరాబాద్‌ల ఒక వృద్ధాశ్రమంల కేర్‌టేకర్ పనికి ఇంటర్వ్యూ ఇచ్చిన. 'ఫోన్ చేస్తం' అన్నరు. ఇరవై రోజులు సూసిన, ఉలుకూ పలుకూ లేదు. ఆఖరికి ఒక దవాఖానల చేరిన. నెల దాటినంక ఫోన్ చేసి 'రేపే రా' అన్నరు!

2011 జనాభా లెక్కలప్పుడే దేశంల అరవై దాటినోళ్లు 10 కోట్ల పైన. చూసుకునేటోళ్ల అవసరం పెరుగుతనే ఉన్నది. 'పిల్లలు నిలుస్తలేరు' అని మేనేజర్లు అంటరు. చేరకముందే పోగొట్టుకుంటున్నది వాళ్లే. జీతమెంత, నైట్ డ్యూటీలెన్ని, ఉండనీకి రూమ్ ఉన్నదా? మొదటి దినమే చెప్పాలె. పోలీస్ వెరిఫికేషన్ ఆలస్యమైతే ఆ ముచ్చటన్న వారానికోసారి చెప్పాలె. ఒక పూట ఆ ముసలోళ్ల దగ్గర కూసోనియ్యాలె, పని మనకు పడతదో లేదో అక్కడే తెలుస్తది.

కూలి వదులుకొని ఎదురుచూసేటోనికి సప్పుడు లేదంటే కొలువు లేదన్నట్టే. తాతకు యాళ్లకు గోలియ్యమని మాకు చెప్పేటోళ్లు, మాకు యాళ్లకు ఒక్క ఫోనన్న చెయ్యాలె గదా!