ఆగిన లారీకి ఆసరా ఎవరు?

ప్రభుత్వం 2010లో నంబరు మార్చి పదహారు చేసినా, కలకత్తా-మద్రాసు రోడ్డును మన పెద్దలు ఇంకా ఐదో నంబరు రోడ్డనే అంటారు. తుని మొదలు కత్తిపూడి మీదుగా జగ్గంపేట వరకు ఈ రోడ్డు వారనున్న ఊళ్లలో చెడిపోయి నిలిచిన లారీని చూడనివారు ఉండరు. టైరు పేలినా, కమాను కట్ట విరిగినా, గాలి బ్రేకు గొట్టం చిట్లినా బండి ఉన్నచోటనే కూలబడుతుంది. గాలి పోతే బ్రేకులు పట్టేసుకుంటాయి గనుక పదిమంది తోసినా పక్కకు జరగదు. ఈ సంగతి తెలియక, రోడ్డుకు అడ్డం పెట్టాడని డ్రైవరు మీద చేయి చేసుకునేవారూ ఉన్నారు.

పాత లారీ అయితే రోడ్డు పక్క మేస్త్రీ ఏదో ఒకటి బిగించి పంపేవాడు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బి.ఎస్.-6 బళ్ల తీరు వేరు. పొగలోని విషం తగ్గడానికి వీటిలో ప్రత్యేకమైన యూరియా ద్రావణం పోయాలి. (మనం చేలో చల్లే యూరియా ఇందుకు పనికిరాదు.) ఆ ద్రావణం అయిపోయినా, దాన్ని కనిపెట్టే సెన్సారు చెడినా ఇంజను తన బలం తానే తగ్గించుకుంటుంది. మన మేస్త్రీ దగ్గర స్పానరు ఉంటుంది గాని లోపం చెప్పే కంప్యూటరు ఉండదు. కంపెనీ మెకానిక్కు రాజమండ్రి నుంచో, విశాఖ నుంచో రావాలి. అంతవరకు డ్రైవరు, క్లీనరు బండి వదిలి కదలరాదు. సరుకుకు వారే పూచీ.

కొన్ని దేశాలలో వ్యానులోనే వంటగది, మంచం అమర్చుకుని ఏళ్ల తరబడి తిరిగేవారు ఉన్నారు. వారిది సరదా. మన రోడ్డు మీద ఆ బతుకు లారీవారిది. స్టవ్వు, బియ్యం డబ్బా, పడక అన్నీ క్యాబిన్‌లోనే. కొత్తగా తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ ఉండాలన్నారు, మంచిదే. కాని ఇంజను ఆగితే ఏసీ కూడా ఆగుతుంది. ఎండ మాత్రం ఆగదు.

ఇటువంటి వేళ బిందెడు నీళ్లిచ్చే ఇళ్లు మన ఊళ్లలో ఉన్నాయి. రాత్రి పూట డీజిలు తోడేవారు, బ్యాటరీ విప్పేవారు, భాష రానివాడని పంక్చరుకు మూడింతలు గుంజేవారు కూడా మన ఊళ్లలోనే ఉన్నారు. ఇది సిగ్గుపడవలసిన విషయం.

అయితే లారీవారి తప్పు లేకపోలేదు. వెనుక వచ్చేవారికి కనపడేలా ఎర్రని త్రికోణం పెట్టడం వారి విధి. అది పెట్టకుండా నాలుగు రాళ్లు, ఒక వేపకొమ్మ పడేస్తారు. బాగయ్యాక లారీ పోతుంది, రాళ్లు రోడ్డు మీదే ఉంటాయి. చీకట్లో వాటి మీద పడేది చేలో మోటారు కట్టి మోటారు సైకిలు మీద ఇంటికి వచ్చే మన రైతే. లైట్లు లేక నిలిచిన లారీని వెనుక నుంచి గుద్దుకునేదీ మనవారే. దీనికి ఏ సాకూ చెల్లదు.

జాతీయ రహదారి మీద బండి ఆగితే 1033 నంబరుకు ఫోను చేయవచ్చు. క్రేను, అంబులెన్సు పంపే ఏర్పాటు ఉంది. ఈ నంబరు డ్రైవర్లకే గాక ఊరిలో అందరికీ తెలిసి ఉండాలి. ప్రతి పంచాయతీ రోడ్డు మొగలో దీనిని పెద్ద అక్షరాలతో రాయించవలెను. పంచాయతీ దగ్గర ఒక జత త్రికోణాలు, ఒక టార్చిలైటు ఉంచితే అయ్యే ఖర్చు ఎంత? లారీ కదిలాక రాళ్లు తీయించే పూచీ కూడా ఎవరో ఒకరికి అప్పగించాలి.

టోలు వసూలు చేసేవారు క్రేను ఎంతసేపట్లో వస్తుందో జనానికి తెలియజెప్పాలి. కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఈ విషయం చర్చకు తీసుకొని, లారీలు దిగి నిలవడానికి ఊళ్ల దగ్గర గట్టి మార్జిను వేయించవలసిందిగా కోరుతున్నాము. ధనుర్మాసపు మంచు, ధాన్యం ట్రాక్టర్లు ఒకేసారి రోడ్డెక్కుతాయి. ఆ లోపే ఈ పని జరగాలి.