శాలువా కప్పి సాగనంపుడేనా?

ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి ఎల్బీనగర్ వైపు పోతుంటే బొంగుళూరు గేటు దాటాక తుర్కయాంజాల్ వస్తుంది. సాగర్ రోడ్డు పొడవునా లేస్తున్న ఇళ్లు, ఇసుక కుప్పలు, తట్టలు మోసే కూలీలు. 2024 మేలో ఆ కూలీల్లో ఒకాయన ఫొటో పత్రికలకెక్కింది. పేరు దర్శనం మొగులయ్య. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడే డక్కలి కళాకారుడు. 2022లో పద్మశ్రీ.

ఆ ఫొటో చూసి మన జనం అడిగిందేమిటో తెలుసా? "కోటి రూపాయలిచ్చిండ్రు గదా, ఏం జేసిండు?"

నిజమే, 2022 జనవరిలో అప్పటి ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. పిల్లల పెళ్లిళ్లు చేశానని, జాగ కొన్నానని, కట్టుకుంటున్న ఇల్లు సగంలో ఆగిందని, నెలకు పది వేల భృతి కూడా నిలిచిపోయిందని ఆయన ఏడుస్తూ చెప్పుకున్నాడు. తరతరాలుగా మాదిగవాడల్లో కథ చెప్పి, పెట్టింది తిని, ఊరి చివర గుడిసేసుకున్న కులం వాళ్లది. ఆ మనిషి చేతిలో నాలుగు పైసలు పడేసరికి ఊరంతా ఆడిటర్లే! ఏడాదికే గుంతలు పడే రోడ్డు వేసిన కాంట్రాక్టరును ఒక్కనాడన్నా ఇట్లా లెక్క అడిగామా?

ఆ ఫొటోకు మూడు నెలల ముందే, 2024 ఫిబ్రవరిలో, శిల్పకళా వేదిక మీద పద్మశ్రీలు అందుకున్న పేద కళాకారులకు నెలకు 25 వేల పింఛను ప్రకటించారు. చప్పట్లు కొట్టారు. మేలో తట్ట ఫొటో. జూన్‌లో మణుగూరు దగ్గర కూనవరంలో సకిని రామచంద్రయ్య పోయాడు. బొమ్మలున్న గుడ్డ పడిగె విప్పి, డోలు వాయిస్తూ కోయల ఇలవేల్పుల కథ చెప్పగలిగిన అతి కొద్దిమందిలో ఒకడాయన. అక్టోబరులో మర్లవాయి గుస్సాడీ నాట్యకారుడు కనకరాజు పోయాడు. నవంబరులో మాదాపూర్‌లో లోక్‌మంథన్ పండుగ, దేశం నలుమూలల నుంచి ఆదివాసీ ఆటపాటలు, రాష్ట్రపతి రాక. పండుగ తప్పనను. పోయినవాళ్లతో ఎన్ని కథలు పోయాయో లెక్క రాసిందెవరు?

పెద్ద వేదికల సంగతి ఎందుకు, మా దగ్గరి ఒక సభే చెబుతా. డప్పు కాచుకోవడానికి ఇంత గడ్డి అడిగారు కళాకారులు. "స్టేజీ ఖరాబైతది, ఆ లైటుకు చూపించుకోండి" అన్నాడు నిర్వాహకుడు. పాపం, నలుగురూ వరసగా నిలబడి ఫోకస్ లైటు ముందు డప్పులు తిప్పి తిప్పి పట్టుకున్నారు. మూత వేడెక్కనే లేదు, నాయకుడి కారు వచ్చింది. "చాలు, దిగండి." రాత్రంతా చెప్పే కథకు పది నిమిషాలు, వచ్చిన నాయకుడి ఉపన్యాసానికి ముప్పావుగంట. చివర్లో శాలువా. ఆ శాలువా ఒక్క పూట బువ్వ పెడుతుందా? బస్సు కిరాయి అడిగిన పెద్దాయనకు "బిల్లు పెట్టినం, వస్తది" అని జవాబు. ముందు వరసలో కుర్చీ మీద కూర్చుని అదంతా చూసి, నేనూ నోరు మెదపలేదు.

అయ్యా, పాలకులారా, కొత్త అవార్డులు, కొత్త ఉత్సవాలు తర్వాత చూద్దాం. బతికున్న ఒక్కో కళాకారుడి దగ్గర ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టండి, నేర్పినందుకు ఆయనకు, నేర్చినందుకు వాళ్లకు జీతమివ్వండి. ప్రకటించిన పింఛను ఒకటో తారీఖున, మీ జీతాలు పడే రోజునే, వాళ్ల ఖాతాలో పడాలి.