సాధారణ వాహన తనిఖీలు – తీవ్ర నేరాల దర్యాప్తు

రహదారులపై నిత్యం జరిగే వాహన తనిఖీలను జరిమానాల వసూలు కార్యక్రమంగా భావించడం ప్రజలలో పరిపాటి అయినది. ఆ భావన పూర్తిగా నిరాధారమని చెప్పలేము. అయితే వందలాది సిబ్బంది శ్రమించినా తేలని కేసులు ఒక నంబరు ప్లేటు వద్ద తేలిపోయిన ఉదంతాలు పోలీసు చరిత్రలో ఉన్నవి.

1995 ఏప్రిల్ 19 ఉదయం అమెరికాలోని ఓక్లహోమా సిటీలో ఫెడరల్ ప్రభుత్వ భవనం వద్ద లారీ బాంబు పేలి 168 మంది మరణించారు. గంటన్నర తిరగకముందే, పెర్రీ పట్టణ సమీపంలో వెనుక నంబరు ప్లేటు లేని ఒక పసుపు రంగు కారును రహదారి గస్తీ అధికారి నిలిపివేశారు. పేలుడుకు, ఆ కారుకు గల సంబంధం ఆయనకు తెలియదు. డ్రైవరు జాకెట్టు కింద పిస్తోలు కనిపించడంతో అరెస్టు చేసి స్థానిక జైలుకు తరలించారు. ఈలోగా, పేలిన లారీ ఇరుసుపై గల గుర్తింపు సంఖ్యను పట్టుకుని దర్యాప్తు అధికారులు లారీ అద్దెకు తీసుకున్న చోటికి, అక్కడి నుండి తిమోతీ మెక్‌వే అనే పేరుకు చేరుకున్నారు. ఏప్రిల్ 21న ఆరా తీయగా అతడు అదే జైలులో, విడుదలకు చేరువలో ఉన్నట్లు వెల్లడైనది.

ఇంగ్లండులో 13 మంది మహిళలను హతమార్చిన పీటర్ సట్‌క్లిఫ్‌ను ప్రత్యేక దర్యాప్తు బృందాలు పలుమార్లు ప్రశ్నించి వదలివేశాయి. 1981 జనవరి 2 రాత్రి షెఫీల్డులో ఇద్దరు గస్తీ పోలీసులు అతని కారు నంబరును సరిచూడగా అది వేరొక వాహనానిదని తేలినది. మూత్ర విసర్జన నెపంతో అతడు కొద్దిసేపు పక్కకు వెళ్లిన సంగతి మరునాడు గుర్తుకు వచ్చి, ఒక సార్జంటు తిరిగి అక్కడికి వెళ్లి వెదకగా సుత్తి, కత్తి లభించాయి. కారును ఆపడం కన్నా, ఆ సార్జంటు తిరిగి వెళ్లడమే ఈ కేసులో విలువైన పోలీసు పని అని చెప్పవలసి ఉన్నది.

మన రాష్ట్రాలలో ఈ విధి ఎంత ప్రమాదకరమో 2015 ఏప్రిల్ 1 రాత్రి సూర్యాపేట బస్‌స్టాండులో రుజువైనది. బస్సు తనిఖీ చేస్తున్న సిబ్బందిపై ఇద్దరు అగంతకులు కాల్పులు జరపగా ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. వారు 2013లో మధ్యప్రదేశ్‌లోని ఖాండ్వా జైలు నుండి తప్పించుకున్న ఉగ్రవాద కేసుల నిందితులని తదుపరి తేలినది. సాధారణ తనిఖీకి వెళ్లే సిబ్బందికి ఎదుట ఎవరున్నారో ముందుగా తెలియదు. ఆయుధం, తోడు లేకుండా రాత్రివేళ వారిని రహదారిపై నిలబెట్టడం సమర్థనీయం కాదు.

చట్టపరంగా, మోటారు వాహనాల చట్టం 130వ సెక్షను ప్రకారం యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి కోరినపుడు డ్రైవరు లైసెన్సు చూపవలెను. అంతమాత్రాన ప్రతి వాహనాన్నీ సోదా చేసే అధికారం లభించినట్లు కాదు. అందుకు సహేతుకమైన అనుమానం అవసరం. విశాఖ మన్యం నుండి తరలే గంజాయి కేసులలో ఈ తేడా కీలకమైనది. 20 కిలోలు మించితే పది సంవత్సరాలకు తగ్గని కఠిన శిక్ష పడే నేరమైనందున, సోదా, పంచనామా, నమూనాల సేకరణలలో ప్రతి లోపాన్నీ డిఫెన్సు న్యాయవాదులు ఎత్తిచూపుతారు. రహదారిపై పట్టుబడిన సరుకు న్యాయస్థానంలో నిలవకపోతే పట్టుబడినా ప్రయోజనం శూన్యం.

కెమెరాల ద్వారా చలానాలు పంపే విధానం విస్తరించిన తరువాత వాహనం ఆపే సందర్భాలు కొంత తగ్గినవి. కెమెరా నంబరును చదవగలదు గాని డ్రైవరు తడబాటును పసిగట్టలేదు. అయితే దానివల్ల వేరొక ప్రయోజనం ఉన్నది. తాను ఎన్నడూ వెళ్లని ఊరి నుండి చలానా వచ్చినదని ఒక వాహన యజమాని ఫిర్యాదు చేస్తే, అతని నంబరుతో మరొక బండి తిరుగుతున్నదని అనుమానించవలెను. అటువంటి ఫిర్యాదులో చలానా రద్దు చేసి ఊరుకోక, ఆ ఫొటోను స్థానిక పోలీసు స్టేషనుకు పంపి, ఛాసిస్, ఇంజను నంబర్లను సరిచూడవలసినదిగా కోరడం శ్రేయస్కరం.