ఉంటే కదా కొనేది!

మొన్న శనివారం మా చెల్లికి ఒక డ్రెస్సు కొనడానికి ద్వారకా నగర్ వెళ్ళాం. డ్రెస్సు కొనడం కూడా ఒక విషయమేనా, దానికింత రాయాలా అంటారా? నేనూ అలాగే అనుకునేదాన్ని. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి రాత్రి ఎనిమిదింటిదాకా తిరిగాక అభిప్రాయం మార్చుకున్నాను.

చెల్లి అంటే మా పిన్ని కూతురు. వాళ్ళుండేది గాజువాకలో. ఏడాదిన్నరగా ద్వారకా నగర్‌లోనే బ్యాంకు పరీక్షలకి కోచింగ్, ఖాళీ దొరికితే అక్కడే పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని చదువు. ఈలోగా ఒక ప్రైవేటు కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి రమ్మని కబురొచ్చింది, సోమవారం పొద్దున్న పదింటికి. ఉన్న డ్రెస్సులన్నీ రోజూ వేసుకుని వేసుకుని వెలిసిపోయాయి. పిన్ని 1500 చేతిలో పెట్టి పంపింది. "నేను కొంటానే" అంటే ఒప్పుకోదు, మా చెల్లికి పౌరుషం ఎక్కువ. ఆ 1500లోనే టాప్, లెగ్గింగ్, చున్నీ అన్నీ రావాలి.

మనిషి కొంచెం బొద్దుగా ఉంటుంది. సరే, కొంచెం కాదు, లావే. ఛాతీ కొలత 48. (ఇది రాయొచ్చా అని ముందే అడిగాను. "రాయక్కా, నా పేరు మాత్రం వద్దు" అంది.)

మొదటి షాపులో ఇంకా గుమ్మం కూడా దాటలేదు, కౌంటర్ దగ్గరి కుర్రాడు "మీ సైజు రాదు మేడమ్" అనేశాడు. ఏం కావాలో అడగలేదు. మేం రుమాళ్ళు కొనడానికి వెళ్ళి ఉండొచ్చు కదా! రెండో చోట "ఏటి కావాలమ్మా" అని మర్యాదగానే పలకరించి, "త్రిబుల్ ఎక్సెల్ ఉంది" అని తీశారు. ట్రయల్ రూమ్‌లోకి వెళ్ళిన పిల్ల పది నిమిషాలైనా బయటికి రాలేదు. తలుపు కొడితే, "అక్కా, ఒకసారి లోపలికి రావా" అని సన్నగా వినిపించింది. టాప్ తలమీంచి దిగి, చంకల దగ్గర పట్టేసి, పైకీ రాక కిందికీ దిగక ఇరుక్కుపోయింది. వైజాగ్ ఉక్కపోత తెలుసుగా, ఆ గదిలో ఫ్యాన్ లేదు. మెల్లగా లాగితే ఎక్కడో ఒక కుట్టు పట్‌మంది. అదృష్టం బావుండి లోపలి కుట్టే. బయటికొచ్చాక ఆ పిల్ల నా వైపు చూడలేదు. సేల్స్ అమ్మాయి టాప్ మడతపెడుతూ కుట్టు కేసి చూసింది, పాపం ఏమీ అనలేదు.

మూడో చోట సరిపోయింది ఒకటే దొరికింది. ధర 2199. అదే డిజైన్ ఎల్ సైజులో 1299. ఇంకోచోట "కుర్తీల్లో కష్టమమ్మా, నైటీలు చూపించమంటారా?" అన్నారు. ఇంటర్వ్యూకి నైటీ! నాకు నవ్వొచ్చింది గానీ దానికి రాలేదు. డైమండ్ పార్క్ వైపు నడుస్తుంటే నెమ్మదిగా, "పోనీలే అక్కా, ఇంటర్వ్యూకి వెళ్ళనులే. ఎలాగూ బ్యాంకు పరీక్ష రాస్తున్నానుగా" అంది.

నాకు అక్కడ మండింది. ఏడాదిన్నర చదివిన పిల్ల ఒక గుడ్డముక్క దొరక్క ఉద్యోగం వదిలేస్తానంటోంది. అది కూడా ఎక్కడ? వైజాగ్ సగం బట్టలు కొనుక్కునే ఏరియాలో!

సరే, మనవాళ్ళు కొందరు ఇక్కడే ఆపి "బరువు తగ్గొచ్చుగా" అంటారని తెలుసు. ఇంటర్వ్యూ సోమవారం అండీ బాబూ, ఈ లోపల ఎన్ని కిలోలు తగ్గమంటారు? తగ్గేవాళ్ళు తగ్గుతారు, తగ్గేదాకా కూడా ఒంటిమీద బట్ట ఉండాలి కదా.

పైగా ఇదేదో మా చెల్లి ఒక్కదాని గొడవ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 36.3 శాతం మంది ఉండాల్సిన బరువు కన్నా ఎక్కువున్నారు. దేశం మొత్తం మీద అది 24 శాతం. ఆ లెక్క బీఎమ్‌ఐ 25 దగ్గర మొదలవుతుంది కాబట్టి వాళ్ళందరికీ త్రిబుల్ ఎక్సెల్ అక్కర్లేదు లెండి. అయినా ముగ్గురిలో ఒకరికి పైగా అంటే మన ప్రాజెక్టులో దాన్ని ఎడ్జ్ కేస్ అని పక్కన పెడితే మేనేజర్ ఊరుకుంటాడా?

మరి షాపులవాళ్ళు ఎందుకు తెప్పించరు? నాలుగో షాపులో ఓనరు పెద్దాయన తీరిగ్గా కనిపిస్తే అడిగేశాను.

"ఈ సైజులు ఎవరూ అడగరా అండీ?"

"అడగకేం తల్లీ, రోజుకి ఏడెనిమిది మంది అడుగుతారు."

"మరి తెప్పించొచ్చుగా?"

"అడుగుతారు గానీ కొనరమ్మా."

ఉంటే కదా కొనేది!

నేను నవ్వాను, ఆయనా నవ్వేశాడు. తర్వాత ఆయనే వివరంగా చెప్పాడు. కుర్తీలు హోల్‌సేల్‌లో ఎక్కువగా విడిగా ఇవ్వరు, సెట్లుగా ఇస్తారు. ఎమ్, ఎల్, ఎక్సెల్, డబుల్ ఎక్సెల్ తలా ఒకటి. పది సెట్లు తెస్తే డబుల్ ఎక్సెల్ పదే వస్తాయి. అవి వారం రోజుల్లో ముందుగా అయిపోతాయి. ఎమ్‌లు మిగిలిపోతాయి. ఆషాఢం సేల్‌లో కుప్పలుగా కనిపించేవి అవేనన్నమాట. సీజన్ చివర్లో లెక్క చూస్తే అన్ని సైజులూ పదేసి అమ్ముడయ్యాయి, మళ్ళీ అదే సెట్టు ఆర్డర్.

మనలో ఎంతమందికి ఈ బగ్ ఎక్కడుందో తట్టింది? బిల్లుల్లో ఉండేది అమ్మినవాటి లెక్క. సరుకు లేక తిరిగెళ్ళిపోయిన మనిషికి బిల్లు ఉండదు. గుమ్మంలోంచే వెనక్కి పంపిన మనిషి సంగతి సరేసరి. లాగ్ రాయడమే ఆపేసి "ఎర్రర్లేం లేవండీ, సిస్టమ్ బ్రహ్మాండంగా నడుస్తోంది" అన్నట్టు. ఆన్‌లైన్ షాపులకి కనీసం ఎవరు ఏం వెతికారో తెలుస్తుంది. ఈయనకి రోజుకి ఏడెనిమిది మంది నోటితోనే చెబుతున్నా, కౌంటర్ మీద ఇరవై రూపాయల నోటు పుస్తకం పెట్టి రాసుకుంటే సరిపోయేది. ఆ మాటే చెప్పాను. "చూద్దాంలే అమ్మా" అన్నాడు. చూడడని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు :)

ఇంక ధర సంగతి. పెద్ద సైజుకి గుడ్డ ఎక్కువ పడుతుంది, నిజమే. మామూలు కాటన్ పన్నా 44 అంగుళాలు ఉంటుంది. ఛాతీ 36 అయితే వదులూ కుట్టూ కలుపుకుని ముందు ముక్క 22, వెనక ముక్క 22, రెండూ పక్కపక్కన సరిగ్గా సర్దుకుంటాయి. 48 అయితే ఒక్కో ముక్కా 28 అంగుళాలు, పక్కపక్కన పట్టవు, ఒకదాని కింద ఒకటి వెయ్యాలి. అంటే ఖర్చు కొంచెం కొంచెంగా కాకుండా ఒక్కసారి మెట్టెక్కినట్టు పెరుగుతుంది. ఒప్పుకున్నాం. కానీ ఎంత? మీటరు ఎక్కువ పట్టిందనుకున్నా, చిల్లరగా కొనే మనకే అది 150, 160 రూపాయలు. దానికి 900 తేడా ఏ లెక్కలో వస్తుందండీ? పోయిన ఏడాది సెప్టెంబర్ దాకా, అదేనండీ 2025 సెప్టెంబర్ 22 దాకా, జీఎస్టీ కూడా ఇలాగే వడ్డించేది. వెయ్యి లోపు బట్టకి 5 శాతం, దాటితే 12. అదే డిజైన్ పెద్ద సైజులో వెయ్యి దాటితే లావుగా ఉన్నందుకు ప్రభుత్వానికి కూడా కట్టాలి! ఇప్పుడు ఆ గీత 2500కి జరిపారు, కొంత నయం.

మావారికి నడుము 42. అదే వీధిలో పది నిమిషాల్లో ప్యాంటు కొనుక్కుని, కాళ్ళు కత్తిరించి కుట్టించుకుని, టీ కూడా తాగొచ్చేస్తారు. మగవాళ్ళ ప్యాంటు మీద అంగుళాలు రాసుంటాయి. 42 అంటే ఎవరు కుట్టినా కాస్త అటూఇటూగా 42. ఆడవాళ్ళకి మాత్రం అక్షరాలు. ఒక కంపెనీ ఎక్సెల్ ఇంకో కంపెనీ ఎల్. చాలామంది మధ్య సైజుకి కుట్టి చూసుకుని, మిగతావన్నీ ఇంతింత అని పెంచుకుంటూ పోతారు. ఒళ్ళు అలా పెరగదు. ఛాతీ పెరిగినంత మాత్రాన భుజాలు అంత వెడల్పవ్వవు, దండలు మాత్రం ఇంకా ఎక్కువ లావవుతాయి. అందుకే భుజం జారిపోతుంటుంది, చంక పట్టేస్తుంది. 'నా మెషీన్‌లో బానే పనిచేస్తోంది' అనే డెవలపర్‌లాగా 'మా మోడల్‌కి బానే ఉంది' అంటారు.

ఈ సైజుల గోల అమెరికాలోనూ తెగలేదు. 1939-40లో అక్కడి వ్యవసాయ శాఖ (అవును, వ్యవసాయ శాఖే!) సుమారు 15,000 మంది ఆడవాళ్ళకి తలా 50కి పైగా కొలతలు తీయించింది. లెక్కలోకి తీసుకున్నది తెల్లవాళ్ళ కొలతలనే. వాటి మీద 1958లో ఒక ప్రమాణం పెట్టి, అది కుదరక 1983లో ఎత్తేశారు. మన దగ్గర నిఫ్ట్ వాళ్ళు 'ఇండియా సైజ్' పేరుతో హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో 25,000 మందిని త్రీడీ స్కానర్లతో కొలిచే పని పెట్టుకున్నారు. మన సైజులు త్వరలో వస్తాయని 2024లో కేంద్ర జౌళి మంత్రి చెప్పారు. అవి మేం తిరిగిన ట్రయల్ రూముల దాకా ఇంకా చేరలేదు.

మా అమ్మ తరానికి ఈ బాధ లేదు. చీరకి సైజేంటి, అయిదున్నర మీటర్లు ఎవరు కట్టినా కట్టొచ్చు. (జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లతో కొందరికి తిప్పలే, అది వేరే కథ.) చెల్లిని చీర కట్టుకోవే అంటే, "గాజువాక నుంచి రెండు బస్సులు మారి వెళ్ళాలక్కా" అంది. అదీ నిజమే.

చివరికి ఏం చేశామంటే, కట్‌పీసుల షాపులో మీటరు 160 చొప్పున రెండుముప్పావు మీటర్ల నీలం కాటన్ తీసుకున్నాం, 440. ఆ పక్క సందులోనే సెల్లార్‌లో మిషన్ పెట్టుకున్న ఒక మాస్టారు ఉన్నాడు. రేపు సాయంత్రానికి కావాలంటే మొదట కుదరదన్నాడు. ఇంటర్వ్యూ అని చెప్పాక, కుట్టుకి 450, ఆదివారం కాబట్టి ఇంకో వంద అన్నాడు. లెగ్గింగ్, చున్నీ కలిపి మరో 480. మొత్తం 1470. టేపు తీసి కొలుస్తూ 48, 44, 52 అని పాత బిల్లు వెనకాల రాసుకున్నాడు, దానికో గుడ్డ పీలిక పిన్నుతో గుచ్చాడు. "చెయ్యి కొంచెం వదులుగా పెట్టమంటావా తల్లీ?" అని అడిగాడు, అంతే.

మెట్లెక్కుతుంటే చెల్లి అంది, "ఆయన నంబరు రాసుకున్నాడక్కా, మొహం పెట్టలేదు."

ఆదివారం పని చేసే మాస్టారు అందరికీ దొరకడు. దొరికినా కుట్టుకూలి గుడ్డ ధరని దాటిపోతోంది. అందుకే ఇదే పరిష్కారం అని నేను అనను. ఆ నాలుగో షాపు పెద్దాయన దగ్గరికి వచ్చే నెల మళ్ళీ వెళ్తాను, ఈసారి నోటు పుస్తకం నేనే కొనుక్కెళ్ళి ఇస్తాను.

సోమవారం పదకొండున్నరకి, నేను స్టేటస్ కాల్‌లో ఉండగా చెల్లి నుంచి మెసేజ్ వచ్చింది. ఇంటర్వ్యూ ఎలా అయిందో రాయలేదు. "ఎక్కడా పట్టలేదక్కా, చెయ్యి పైకెత్తినా" అని ఉంది.