దంపతులు - కొండదారి

మన కావ్యనాయకులలో ఒంటరిగా హిమాలయానికి పోయి చిక్కున పడ్డ గృహస్థు ప్రవరాఖ్యుడు. మనుచరిత్రమును పాఠ్యభాగంగా చదివిన విద్యార్థులకు ఆ కథ తెలిసినదే. సిద్ధుడిచ్చిన పాదలేపనం పూసుకొని క్షణంలో హిమగిరి చేరినాడు. మంచుకు లేపనం కరిగిపోయినది. దారి తెలియక వరూధినిని అడుగవలసి వచ్చినది. ఆపైన అతడు చూపిన నిగ్రహాన్ని మెచ్చుకొనడం మనకు అలవాటు. నాకు మాత్రం వేరొక సందేహం కలుగుతూ ఉంటుంది. వచ్చిన అతిథులకెల్ల వండి వడ్డించి అలసిపోయిన ఇల్లాలి పాదాలకు కూడ ఆ లేపనం కొంచెం రాసి వెంట తీసికొనిపోయి ఉంటే ఏమయ్యేది? కావ్యం ఉండేది కాదు, నిజమే. కాని ఆ ఇల్లాలు కూడ హిమాలయాన్ని చూసి ఉండేది. ఆమెకు చూడాలని ఉన్నదో లేదో అడిగినవారు లేరు.

ఈ ప్రశ్న ప్రవరునితో తీరిపోలేదు. మన ఇండ్లలో కొండలకు పోవాలనే కోరిక పురుషునికి ఉంటే దానిని ఉత్సాహమంటారు, స్త్రీకి ఉంటే చాపల్యమంటారు. తెలంగాణ పల్లెనుండి పోయిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేండ్ల వయసులో, ఎవరెస్టు శిఖరంపై నిలిచిన తరువాత కూడ ఈ మాట అనేవారు ఉన్నారు. ఆ బాలికను సభలలో సన్మానించిన పెద్దలే ఇంటికి వచ్చి కోడలు కొండెక్కుతానంటే ముఖం చిట్లిస్తారు. కనుక నా అభిప్రాయాన్ని ముందే చెప్పివేస్తాను. భార్యాభర్తలు చేతనైనంతవరకు కొండలలో కలిసి నడవాలి. ఎవరి మూట వారే మోయాలి. కొత్తగా పెండ్లయినవారు చల్లని ఊళ్లలో గది తీసికొని, గుర్రమెక్కి ఫొటో తీయించుకొనే విహారాన్ని గురించి కాదు నేను చెబుతున్నది. చలనచిత్రాలలో నాయిక పలుచని చీరతో మంచులో ఆడుతుంది. ఆమెకు చలి లేదు, మూట లేదు, మోకాళ్లు లేవు. ఆ కొండల సంగతీ కాదు.

ఉదాహరణకు ఒక దారిని తీసికొందాము. డార్జిలింగు జిల్లాలో మానేభంజన్ అనే చిన్న ఊరు సుమారు రెండువేల మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడినుండి సింగలీలా కొండవరుస మీదుగా సందక్‌ఫూ వరకు 31 కిలోమీటర్ల నడక. సందక్‌ఫూ ఎత్తు 3,636 మీటర్లు. దారి చాలచోట్ల భారత నేపాళ సరిహద్దును ఒరుసుకొని పోతుంది. ఒక కాలు ఒక దేశంలో, రెండవది మరొక దేశంలో పడుతూ ఉంటుంది. నేనూ నా భార్యా ఇద్దరమూ బడిపంతుళ్లమే కనుక దసరా సెలవులలో బయలుదేరినాము. వర్షాలు వెనుకబట్టిన అక్టోబరులో ఆ కొండల ఆకాశం కడిగిన అద్దంవలె ఉంటుంది. అభయారణ్యంలోనికి స్థానికుడైన దారిచూపరిని వెంటబెట్టుకొని పోవాలనే నియమం ఉన్నందున ఒకతను మాతో వచ్చినాడు గాని, మా మూటలు మేమే మోసినాము.

ఈ దారిలో తుమ్లింగు అనే మజిలీ దాటిన తరువాత ఒక వింత ఉన్నది. ఒక పగలంతా చెమటోడ్చి సంపాదించిన ఎత్తులో సుమారు మూడువందల మీటర్లను గైరీబాసు అనేచోటికి దిగి ఉచితంగా వదలివేయాలి. ఆ తరువాత కాలీపోఖ్రీకి మళ్లీ నిట్టనిలువున ఎక్కాలి. కూడబెట్టిన రొక్కాన్ని చేజేతులా ఏటిలో పారవేసినట్లు ఉంటుంది. ప్రతి మనిషి సహనానికీ ఒక గైరీబాసు ఉంటుందని నా నమ్మకం. నోట మాట పెళుసుగా వచ్చేది అక్కడే. ఇంటిలో ఉన్నప్పుడు కోపం వస్తే ఒకరు వంటింటిలోనికి, ఒకరు వీధి అరుగు మీదికి పోవచ్చును. కొండదారిలో ఆ సౌకర్యం లేదు. కోపం వచ్చినవారితోనే నడవాలి. వారి సీసాలోని నీళ్లే తాగాలి. అరగంట నడిచేసరికి కోపపడడానికి కావలసిన ఊపిరి కూడ మిగలదు. దంపతులకు ఇంతటి మధ్యవర్తి మరెక్కడా దొరకడు.

మూట సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అనుభవజ్ఞులు సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం వీపుమూట మన శరీరపు బరువులో అయిదవ వంతుకు మించకపోవడం మంచిది. అరవై కిలోల మనిషికి పన్నెండు కిలోలు. యాభై కిలోల మనిషికి పది. ఈ లెక్కలో స్త్రీపురుష భేదం లేదు, శరీరపు బరువే ఉన్నది. భార్య మూటలోనివి ఒక్కొక్కటిగా తీసి తన మూటలో కుక్కుకొనే భర్త ప్రేమను నేను శంకించను. అయితే సాయంకాలానికి ఆ బరువు అతని మాటలలోనికి వచ్చి చేరుతుంది. ఆమె అడుగకుండానే ఆమె ఋణపడిపోతుంది. అలసినపుడు అడిగి బరువు మార్చుకొనడం వేరు, బయలుదేరకముందే ఒకరిని అశక్తులని తీర్మానించడం వేరు. బియ్యం, గిన్నె, మందులపెట్టె వంటివి పంచుకోవచ్చును. నీళ్లసీసా, టార్చి, వానకోటు, ఉన్నిచొక్కా, పిడికెడు వేరుసెనగపప్పు బెల్లం మాత్రం ఎవరివి వారి దగ్గరే ఉండాలి. పొగమంచు ఒక్కసారిగా కమ్మితే పది గజాల దూరంలో ఉన్న మనిషి కూడ కనబడడు. అప్పుడు ప్రేమకంటె టార్చి ఎక్కువ ఉపయోగిస్తుంది.

మూటతోపాటు పంచుకోవలసినది పొయ్యి. ఎత్తు పెరిగినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, నీరు తక్కువ వేడికే మరుగుతుందని పాఠశాలలో చెబుతాము. సందక్‌ఫూ ఎత్తులో నీరు సుమారు 88 డిగ్రీలకే కళపెళ మరుగుతుంది. ఎంత మరిగినా కందిపప్పు ఉడకదు. మూతబిగించిన కుక్కరు లేకపోతే ఆ పప్పు మరునాటికి కూడ పలుకుగానే ఉంటుంది. అందుచేత అటుకులు, కందిపొడి, పులిహోరకు సిద్ధం చేసిన చింతపండు గుజ్జు తీసికొనిపోవడం తెలివైన పని; ఆ ఒక్క సీసా గుజ్జు మా యాత్రను నిలబెట్టినదని చెప్పినా అతిశయోక్తి కాదు. ఇంతకూ చెప్పవచ్చినది అది కాదు. కొండమీద కూడ ఆమె గిన్నెలు తోముతూ ఉంటే, అతడు శిఖరాలను చూస్తూ ఉంటే, అది యాత్ర కాదు. వంటిల్లు మరొకచోటికి మారినదంతే. చల్లని నీళ్లతో ఒక్క గిన్నె తోమి చూస్తే చాలు, వేళ్లు కొంకర్లు పోయి, మగవానికి ఇరవై ఏండ్ల సంసారం ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

ఇక ప్రమాదం విషయం. సందక్‌ఫూలో గాలి ఒత్తిడి సముద్రతీరంలోని ఒత్తిడిలో దాదాపు మూడింట రెండు వంతులు. శరీరం దీనికి మెల్లగా అలవాటు పడాలి. మూడువేల మీటర్లు దాటిన తరువాత, రాత్రి పడుకొనే చోటు ముందురాత్రికంటె 500 మీటర్లకు మించి ఎత్తున ఉండరాదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఒకరోజు విశ్రాంతి తీసికొనవలెననీ వైద్యులు చెబుతారు. తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం మొదటి లక్షణాలు. అడుగులు తడబడినా, కూర్చున్నప్పుడు సైతం ఆయాసం తగ్గకపోయినా ప్రాణం మీదికి వచ్చినదన్నమాటే, వెంటనే దిగిపోవాలి. ఈ వ్యాధికి కండబలంతో నిమిత్తం లేదు. పహిల్వానుకు రావచ్చును, పక్కనున్న బక్కపలుచని మనిషికి రాకపోవచ్చును. అన్నిటికంటె విషమమైన సంగతి ఏమంటే, ఇది ముదిరినవారికి తన స్థితి తనకు తెలియదు. బుద్ధి మందగించిన మనిషే తనకేమీ కాలేదని గట్టిగా వాదిస్తాడు. కనుక నిర్ణయం పక్కనున్న మనిషిది కావాలి. ఆ పక్కనున్న మనిషి భార్య అయినప్పుడు ఆమె మాటకు విలువ ఉంటుందా అన్నదే ఈ వ్యాసమంతటిలో నన్ను వేధించే ప్రశ్న.

సందక్‌ఫూ బసలో ఒక సాయంకాలం ఒక యువజంట మా పక్క బల్ల దగ్గర కూర్చున్నది. అతడు దృఢకాయుడు. రెండుసార్లు వాంతి అయినది, ముఖం పాలిపోయినది, అయినా మరునాడు ఫాలూటు వరకు 21 కిలోమీటర్లు నడిచి తీరుతానని పట్టుపట్టినాడు. ఆ అమ్మాయి వాదించలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు. బయటికి పోయి, కిందికి దిగే జీపు ఒకటి మాట్లాడి వచ్చి, ఇద్దరి మూటలూ సర్ది గుమ్మంలో పెట్టినది. అతడు నలుగురి ముందు ఆమెను కసరినాడు. ఆమె తన మూట భుజాన వేసికొని జీపులో కూర్చున్నది. పది నిమిషాలకు అతడు కూడ వచ్చి కూర్చున్నాడు. ఆ పిల్లకు కొండ తెలిసినంతగా అతనికి తెలియదు. అయితే వారిద్దరికీ ముందే ఒక ఒప్పందం ఉండి ఉంటే ఆ పది నిమిషాల అవమానం ఆమెకు తప్పేది. ఇద్దరిలో ఎవరు దిగుదామన్నా దిగిపోవడమే. కారణాలు కిందికి చేరిన తరువాత మాట్లాడుకోవచ్చును. మేమీ నియమాన్ని రైలెక్కకముందే పెట్టుకొన్నాము.

మన భారతంలో కొండనడకలు రెండున్నవి. అరణ్యపర్వంలో పాండవులు గంధమాదనానికి పోతూ ఉండగా గాలివానకు ద్రౌపది సొమ్మసిల్లుతుంది, నకులుడు పట్టుకొంటాడు, అందరూ ఆగిపోతారు, భీముడు ఘటోత్కచుని తలచుకొంటే అతడు వచ్చి మోస్తాడు. మహాప్రస్థానంలో అదే ద్రౌపది మొదట పడిపోతుంది. ధర్మరాజు ఆమె పతనానికి కారణం చెప్పి, వెనుకకు చూడకుండా సాగిపోతాడు. దాని తాత్త్వికార్థాన్ని పండితులు చెప్పగలరు, నేను కాదనను. నడిచేవాని దృష్టితో మాత్రం మొదటి నడకే నడక. పడినవారి దోషాన్ని ఎంచుతూ నిలబడేందుకు కొండదారి చోటు కాదు.

పాశ్చాత్యులలో ఈ విషయాన కొంత నేర్చుకోదగిన జంట ఒకటి ఉన్నది. అమెరికాకు చెందిన ఫానీ బుల్లక్ వర్క్‌మన్, ఆమె భర్త విలియం హంటర్ వర్క్‌మన్. పందొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరాలలో మన దేశమంతటా సైకిళ్లపై తిరిగి, ఆ తరువాత 1912 వరకు పలుమార్లు కారకోరం, కాశ్మీర పర్వతాలలో సంచరించినారు. 1906లో నూన్‌కూన్ పర్వతసముదాయంలో 6,930 మీటర్ల శిఖరాన్ని ఫానీ ఎక్కినప్పుడు ఆమె వయస్సు నలుబదియేడు. భర్త ఆమెకంటె పన్నెండేండ్లు పెద్ద. యాత్ర ఏర్పాట్ల బాధ్యత ఒకసారి ఆయనది, ఒకసారి ఆమెది. సియాచిన్ హిమానీనదంపై జరిగిన యాత్రకు ఆమే నాయకురాలు. స్త్రీలకు ఓటుహక్కు కావాలని చాటే పత్రికను ఆ మంచుమీద చేతపట్టి ఆమె తీయించుకొన్న ఫొటో ప్రసిద్ధమైనది. వారి మూటలు మోసినవారు మాత్రం కూలీలు. ఆ కూలీలను గురించి వారు రాసిన రాతలలో దయ తక్కువ. ఆ పాలు మనకు అక్కరలేదు. వంతులవారీగా నాయకత్వం వహించిన పద్ధతి మాత్రం మన సంసారాలకు కూడ పనికివస్తుంది. ఒకరోజు ముందు నడిచినవారు మరునాడు వెనుక నడవాలి. సాధారణంగా మెల్లగా నడిచేవారే ముందుండడం మేలు. వెనుకనున్నవారు ఎంత వేగం గలవారైనా దానికి లోబడతారు.

కష్టాలే చెప్పుకొంటూ వచ్చినాను, ఆనందమో అని విద్యార్థులు అడుగవచ్చును. సందక్‌ఫూలో తెల్లవారుజామున నీళ్లు గడ్డకట్టే చలిలో కంబళ్లు కప్పుకొని వెలుపల నిలబడితే, 8,586 మీటర్ల కాంచనజంగ మొదట బూడిదరంగుగా, తరువాత కుంకుమరంగుగా, ఆపైన బంగారంగా మారుతుంది. ఆ వరుసను ప్రక్కనుండి చూస్తే పవళించిన బుద్ధునివలె ఉంటుందని అక్కడివారు అంటారు. పడమటివైపు ఎవరెస్టు, లోత్సే, మకాలు. ప్రపంచంలోని అయిదు అత్యున్నత శిఖరాలలో నాలుగు ఒక్కచోటనుండి కనబడతవి. ఇది చూసి నేను వర్ణించబోయినాను. నా భార్య మాట్లాడవద్దని చేయి అడ్డం పెట్టినది. పదహారేండ్ల కాపురంలో మేమిద్దరమూ అరగంటసేపు ఏ పనీ లేకుండా, ఏ మాటా లేకుండా ఒక్క దిక్కుకే చూస్తూ నిలబడడం అదే మొదలు. ఇంటిలో మా మాటలన్నీ పాలవాడు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజుల చుట్టూ తిరిగేవే. ఆమెకు మేఘాల పేర్లు ఇన్ని తెలుసునని నాకు కాలీపోఖ్రీ దగ్గర తెలిసినది.

ఆక్షేపణలు లేకపోలేదు. ఖర్చు అంటారు, రైలులో స్లీపరు తరగతిలో పోయి, చలిసంచులు అద్దెకు తీసికొని, మూట తామే మోసుకొంటే పెద్ద పట్టణంలో వారంరోజుల షికారుకంటె ఎక్కువ కాదు. నెలసరి సంగతి నోరు విప్పి చెప్పడానికి సంకోచిస్తారు. ఎత్తైనచోట అది ముందు వెనుకలు కావచ్చును కనుక కావలసినవి మూటలో ఉంచుకోవాలి, వాడినవి అక్కడ పారవేయక సంచిలో కట్టి కిందికి తేవాలి. భర్తకు ఈ మాట తెలిసి ఉండడంలో సిగ్గుపడవలసినది లేదు. పిల్లలను ఎవరు చూస్తారు అన్నది మాత్రం నిజమైన చిక్కు. అత్తగారో అమ్మగారో పదిరోజులు ఉంటానంటేనే అది తీరుతుంది. మగవాడు ఒంటరిగా తీర్థయాత్రకు పోతే ఈ ప్రశ్న ఎవరూ వేయరని మా అత్తగారే అన్నారు. ఆమే వచ్చి ఉన్నారు.

ఎక్కడ మొదలుపెట్టాలి అనేవారికి తిరుమల ఉన్నది. అలిపిరినుండి 3,550 మెట్లు. కొంగుముడితో ఎక్కే దంపతులను మనమందరం చూస్తూనే ఉన్నాము. ఇద్దరూ చెరి ఎనిమిది కిలోల మూటతో ఎక్కి, మరునాడు మెట్లదారినే దిగి చూడండి. దిగేటప్పుడు మోకాళ్లు చెప్పే మాట వినండి; ఎక్కడంకంటె దిగడమే వాటికి కఠినం. రాబోయే దసరాకు ఇంకా వ్యవధి ఉన్నది, చెప్పులు కాక బూట్లు ఇప్పుడే కొని రోజూ బడికి వాటితోనే నడవండి.