పక్క అరలో పుస్తకం

హాస్టల్‌లో నా బల్ల మీద నాలుగు పుస్తకాలు ఉంటాయి. పోతన భాగవతం, యండమూరి 'విజయానికి ఐదు మెట్లు', మాలతీ చందూర్ వంటల పుస్తకం, ఇంకా అప్పటికి చదువుతున్న ఏదో ఒక నవల. మొన్న మా రూమ్మేట్ చూసి, "అరేయ్, నువ్వు భక్తుడివా, వంటమాస్టర్‌వా? ముందు అది తేల్చుకో" అన్నడు. అందరం నవ్వినం. కానీ ఒక్క రకం పుస్తకాలే చదవాలని రూల్ ఎవరు పెట్టిండ్రు?

నాది కోనరావుపేట. మా పక్కనే వేములవాడ. పదో శతాబ్దంలో అక్కడ రెండో అరికేసరి ఆస్థానంలో పంపడు అనే కన్నడ కవి ఉండేవాడు. ఆయన జైనుడు. తన మతం కోసం 'ఆదిపురాణం' రాసిండు, భారతకథను 'విక్రమార్జున విజయం'గా కూడా రాసిండు. ఒకటి రాస్తే రెండోది రాయొద్దని అనుకోలేదు. మా దగ్గరి హనుమాజీపేటలో 1931లో పుట్టిన సినారె ఉర్దూ మీడియంలో చదువుకుని తెలుగు కవి అయిండు. సినిమా పాటలూ రాసిండు, 'విశ్వంభర'తో జ్ఞానపీఠమూ తెచ్చిండు. మాలతీ చందూర్ సంగతి చూడండి. వంటలు నేర్పింది, 'ప్రమదావనం'లో పాఠకుల కష్టాలకు జవాబులిచ్చింది, 'పాత కెరటాలు'లో ఇంగ్లిష్ నవలలు పరిచయం చేసింది, 'హృదయనేత్రి' నవలకు సాహిత్య అకాడమీ అవార్డు అందుకుంది. అన్నీ ఒక్క మనిషే!

అయితే నేను ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్ననంటే, ఒక్క రకమే చదివి నేనొక తప్పు చేసిన.

ఇంటర్‌లో ఉన్నప్పుడు వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు తప్ప ఇంకేం ముట్టకపోయేది. ఆ ఏడు మగ్గాలకు ఆర్డర్లు లేక బాపు రెండు నెలలు ఇంట్లనే కూర్చున్నడు. ఒకరోజు నేను, "బాపూ, నీలో కసి లేదు. గట్టిగా అనుకుంటే పని అదే దొరుకుతది" అన్న. బాపు ఏమీ అనలేదు. తువ్వాల భుజం మీద ఏసుకుని బయటికి పోయిండు.

తర్వాత ప్రేమ్‌చంద్ 'గోదాన్' తెలుగులో చదివిన. 1936 నాటి నవల. అందులో హోరి అనే రైతుకు ఉన్న కోరిక ఒక ఆవు. జీవితమంతా కష్టపడతడు, అప్పుల్లోనే పోతడు. హోరిలో కసి లేదని ఎట్లంటం? నూలు ధర, ఆర్డర్లు, కరెంటు బిల్లు, ఇవేవీ బాపు చేతిలో లేవని అప్పుడు తెలిసొచ్చింది. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్ వచ్చినప్పుడు సిరిసిల్ల మగ్గాలు ఎట్ల ఆడినయో మనకు తెలుసు. పని దొరికిన నెలలో కసి పుట్టి, దొరకని నెలలో చచ్చిపోతదా?

అట్లని వికాసం పుస్తకాలు పారెయ్యలేదు. పొద్దున్నే లేవడం, బ్యాక్‌లాగ్ క్లియర్ చేయడం వాటి పుణ్యమే. నా చేతిలో ఉన్న పని ఎట్ల చెయ్యాలో అవి చెప్తయి. నా బలం అయిపోయిన చోట ఏమిటన్నది గజేంద్రమోక్షం చెప్తది. ఎదుటి మనిషి లోపల ఏముందో నవల చెప్తది. వంట పుస్తకం కొలతలు చెప్తది. మెస్ మూసిన రోజు పచ్చిపులుసు చేస్తూ ఉప్పెంత అని అమ్మకు ఫోన్ చేస్తే, "సూసి ఎయ్యి బిడ్డా" అన్నది. ఆ చూపు వెనుక ఎన్నేండ్ల పని ఉందో ఆ రోజే అర్థమైంది.

"అన్నీ చదివితే ఏదీ లోతుగా రాదు, ప్లేస్‌మెంట్లకు టైమ్ చాలదు" అంటరు. కోర్ సబ్జెక్టు లోతుగా చదవాల్సిందే, అందులో తేడా లేదు. కానీ రోజూ రీల్స్‌కు పోయే అరగంట చాలు. ఒక్క పుస్తకంతోనే అన్ని ప్రశ్నలకూ జవాబు దొరికిందనిపిస్తే, అప్పుడే జాగ్రత్తపడాలి.

మొన్న సెలవులకు పోయినప్పుడు బాపుకు హోరి కథ చెప్పిన. అంతా విని, "మరి ఆవు మిగిలిందా?" అని అడిగిండు. లేదన్న. నేను అప్పుడన్న మాటకు సారీ కూడా చెప్పిన. "సదువుకునేటోనివి, అంటవు తియ్" అన్నడు.

మన క్లబ్ అల్మారా దగ్గరికి ఈ వారం పోతే, మీరెప్పుడూ చెయ్యి పెట్టని అరలోంచి ఒక పుస్తకం తీసుకోండి. నచ్చకపోతే యాభై పేజీల దగ్గర ఆపెయ్యండి, ఎవరూ ఏమనరు.